అడగకుండానే తెచ్చిన జవాబు

మా ఆయన పొట్టలో బుడగ ఉందని తెలిసిన రోజు ఆయన కంటే నేనే ఎక్కువ అరిచాను. ఎవరి మీద అరిచానో గుర్తులేదు. కిడ్నీలో రాయేమో చూద్దామని స్కాన్ తీస్తే రాయి లేదు గానీ, గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట ఐదున్నర సెంటీమీటర్ల మేర ఉబ్బి కూర్చుంది. అది పగిలిందంటే మనిషి ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని, ఆ సంగతి నాకు తెలుసు. తెలియకపోయి ఉంటే ఆ రోజు కాస్త తక్కువ అరిచేదాన్నేమో.

ఆయనదీ అదే ఆసుపత్రి. థియేటర్ గోడకి అవతలి గదిలో ఆవిరి యంత్రాల దగ్గర పని. మేము వాడిన కత్తులూ కత్తెరలూ కడిగి, లెక్క చూసి, గుడ్డలో చుట్టి, ఆవిరిలో ఉడికించి, పొట్లం మీద తేదీ రాసి ఇవతలకి పంపుతారు. ఇవతల అందుకునేది నేను. మధ్యలో రెండు చిన్న తలుపుల కిటికీ. మా కాపురం సగం ఆ కిటికీలోంచే నడిచింది. "గ్యాస్ కట్టేశావా?" "కట్టేశాను గానీ, ఈ సెట్లో చిన్న కత్తెర ఏదీ?" "గుడ్డ మడతలో చూడు, కళ్ళు నెత్తికెక్కాయా?" ఇలాగ. అందరూ ఆయన్ని ఆవిరి మాస్టారు అంటారు. నన్ను ఎదురుగా సిస్టరమ్మ అనీ, చాటుగా కత్తెర అనీ అంటారు. చాటుమాటలు నాకు వినబడవనుకుంటారు పాపం.

మా ఆయనకి లోకంలో రెండే నమ్మకాలు. ఒకటి పొట్లం మీది తేదీ. గడువు ఒక్కరోజు దాటినా, "ఏం కాదులే మాస్టారూ" అని ఎంత పెద్ద డాక్టరు అన్నా, విప్పి మళ్ళీ ఉడకబెట్టాల్సిందే. రెండోది నా మాట. ఏ విషయమైనా సరే, "మా ఆవిడ చెప్పిందా? అయితే అంతే" అంటారు. పది మందిలో ఆ మాట అంటుంటే నాకు సిగ్గుగా ఉండేది, లోలోపల గర్వంగానూ ఉండేది. 

పొట్ట కోయకుండానే బాగుచేశారు అప్పుడు. గజ్జల్లో చిన్న గాటు పెట్టి, ముడిచిన స్టెంటుని రక్తనాళంలోంచి పైకి పంపి, ఉబ్బిన చోట లోపల తెరిచారు. తీగల మీద గుడ్డ తొడిగిన గొట్టం అది. రక్తం దాని లోపల్నుంచి పోతుంది, బుడగ మీద ఒత్తిడి పడదు. మూడో రోజుకల్లా ఇంటికొచ్చి, ఫ్యాను రెక్కలు తుడుస్తానని స్టూలెక్కారీయన. దింపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

స్టెంటు పెట్టిన డాక్టరు ఒక్కటే షరతు పెట్టారు. బతికినంత కాలం ఏటా స్కాన్ తీయించాలి. లోపల పెట్టింది కిందికి జారొచ్చు, అంచుల్లోంచి రక్తం మళ్ళీ బుడగలోకి కారొచ్చు. బయటికి ఏమీ తెలియదు, నొప్పి కూడా ఉండదు. 

ఆసుపత్రిలో పనిచేసే మాకొక జబ్బుంది. ఒంట్లో బాగాలేకపోతే మేము చీటీ రాయించుకోం, వరసలో కూర్చోం. వరండాలో డాక్టరు ఎదురుపడితే అడిగేస్తాం. "డాక్టర్, ఈ మెడ నొప్పికేం వేసుకోను?" ఆయన నడుస్తూనే చెబుతారు, మేము నడుస్తూనే వింటాం, అయిపోయింది వైద్యం. బయటి రోగులకైతే స్కాన్ గడువు రాగానే ఆఫీసు నుంచి ఫోన్ వెళుతుంది. మా ఆయనకి చీటీయే లేదు. ఇక ఫోనెక్కణ్ణుంచి వస్తుంది?

మొదటి రెండేళ్ళూ నేనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి తీయించాను. స్కానుకి ముందు ఎక్కించే మందు ఆయనకి పడదు, రెండు రోజులు వాంతులు. మూడో ఏడు గడువొచ్చినప్పుడు, స్టెంటు డాక్టరు చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి అడిగాను. "నిన్న లిఫ్టు దగ్గర కనబడ్డాడమ్మా, గుర్రంలా ఉన్నాడు. వీలు చూసుకుని ఒకసారి స్కాన్ తీయిద్దాం" అన్నారు. కిటికీ దగ్గరికొచ్చి మా ఆయనతో, "గుర్రంలా ఉన్నారట" అన్నాను. స్కాన్ సంగతి తర్వాత చెబుదాంలే, ఈ నెలంతా ఆయనకి పని ఎక్కువ, వాంతులతో ఏం పడుకుంటారు అనుకున్నాను. నాలుగో ఏడు లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే అడిగాను. "బాగానే ఉన్నాడుగా? స్కాన్ ఒకటి..." అంటుండగానే తలుపులు మూసుకున్నాయి. నాకు కావలసిన సగం నేను తెచ్చుకున్నాను.

ఐదో ఏడు అసలు అడగనే లేదు.

ఆ వారం ముగ్గురు నర్సులు సెలవు పెట్టారు. నా చేతుల్లో రెండు సెట్లు, వెనక సర్జన్ కేకలు. కిటికీ అవతల్నుంచి ఆయన, "డాక్టర్నడిగావా?" అన్నారు. "ఆఁ, అడిగాను. బాగుందన్నారు" అన్నాను. తర్వాత అడుగుదామనుకున్నాను. ఆ తర్వాత అనేది రానే లేదు. ఆయన మాత్రం "హమ్మయ్య" అని, మూడో సెట్టు కూడా అందించి తలుపు మూశారు.

ఈ ఏడు నడుం పట్టేసిందన్నారు. బరువు ట్రేలు ఎత్తుంటారులే అని నూనె రాశాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు పెట్టుకుని నూనె రాశాను! నన్నెవరైనా చెంప మీద కొట్టినా తప్పులేదు. నాలుగో రోజుకి నొప్పి వీపులోంచి పొట్టలోకి వచ్చేసరికి నూనె సీసా అవతల పడేశాను. వెంటనే స్కాన్ తీయించాను. స్టెంటు పైనుంచి జారింది. రక్తం పక్కనుంచి బుడగలోకి పోతోంది. ఐదున్నర కాస్తా ఎనిమిదైంది.

స్టెంటు డాక్టరు గజ్జల్లోంచే ఇంకోసారి ప్రయత్నించారు. జారినదాని పైన ఇంకో ముక్క అమర్చాలని రెండు గంటలు తంటాలు పడి, తల అడ్డంగా ఊపుతూ బయటికొచ్చారు. పైన రక్తనాళమే వెడల్పయిపోయింది, కొత్తదానికి పట్టు దొరకడం లేదు. ఇక పొట్ట కోసి, పాతది పీకేసి, కొత్త గొట్టాన్ని చేత్తో కుట్టాల్సిందే. దానికి వేరే డాక్టరుంది, రక్తనాళాల సర్జన్. మేమందరం డాక్టరమ్మ అంటాం. నా చేతుల్లో పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు నాకే ఆర్డర్లేస్తుంది.

డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం, నేనూ ఆయనా. స్టెంటు డాక్టరు కిటికీ పక్కన నిలబడ్డారు. ఆమె దాచకుండా చెప్పింది. 

"మాస్టారూ, మామూలుగా మొదటిసారే కోసి చేసేదాని కంటే ఇది కష్టం. పాత స్టెంటుకి పైన కొక్కేలుంటాయి, రక్తనాళం గోడలో దిగబడి ఉంటాయి. లాగితే గోడ చిరుగుతుంది. పైగా కిడ్నీలకి పోయే నాళాల కంటే పైన పెద్ద రక్తనాళాన్ని బిగించే క్లాంపు వెయ్యాలి. వేసినంతసేపూ కిడ్నీలకి రక్తం ఉండదు. పదిమందిలో ఒకరు బల్ల మీదో ఆ తర్వాతో పోవచ్చు. కిడ్నీలు దెబ్బతినే భయం అంతకంటే ఎక్కువ. చెయ్యకపోతే ఏ రోజైనా పగలొచ్చు."

ఆయన తలూపారు. "చెయ్యండమ్మా."

"ఇంత పెరిగేదాకా తెలియకపోవడమేంటి? మూడేళ్ళుగా స్కాన్లు లేవేంటి?"

"అక్కర్లేదన్నారు కదమ్మా" అన్నారు మా ఆయన, ధీమాగా. "ఏటా మా ఆవిడ డాక్టర్నడిగి చెబుతూనే ఉంది. బాగుందన్నారని."

స్టెంటు డాక్టరు నా వైపు చూశారు. "నేను..." అని ఆగిపోయారు. నన్ను కాపాడదామని ఆగారు, అది తెలుస్తూనే ఉంది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. ఒక నిమిషం నోరు మూసుకుంటే చాలు, గండం గడిచేది. ఆ నిమిషం మూసుకున్నాను కూడా.

బయటికొచ్చాక వరండాలో పట్టలేకపోయాను. "ఏవండీ, మీకొకటి చెప్పాలి" అన్నాను. మొదటిసారి సగం మాట తెచ్చానని చెప్పాను. రెండోసారి లిఫ్టు సంగతి చెప్పాను. మూడోసారి అసలు అడగలేదని చెప్పాను. అరుస్తారనుకున్నాను. నేనైతే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు. ఆవిరికి ఎర్రబడి, గోళ్ళు అరిగిపోయిన చేతులు. 

"తేదీ చూడకుండా ఒక్క పొట్లమన్నా నీ కిటికీలోకి పంపానా నేను?" అన్నారు.

"లేదండీ."

"ఒక్కటన్నా?"

"లేదు."

"మరి" అన్నారు. అంతే. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు, ఆ ఒంటితో. వెనకాలే పరిగెత్తాను.

వార్డులో ఉన్న మా ఆయనకి ఆ రోజు నుంచి ఒక కొత్త మాట అలవాటైంది. "నిజమేనా?" నేను మాత్ర ఇచ్చి, ఇది బీపీకి అంటే, వార్డు నర్సుని పిలిచి "నిజమేనా?" అని అడిగేవారు. రేపు రక్తపరీక్ష అంటే, పరీక్ష చేసేవాణ్ణి పట్టుకుని "నిజమేనా?" అనేవారు. కావాలని కాదు, నన్ను ఏడిపించాలనీ కాదు. నిజంగానే తెలియక అడిగేవారు. పాతికేళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి నా మాట పట్టుకెళ్ళి పరాయివాడి దగ్గర సరిచూసుకుంటుంటే, మాత్రల డబ్బా మూత పెడుతూ పక్కకి తిరిగేదాన్ని. ఆయన పోతారేమోనన్న భయం ఒక పక్క. ఇలా, నన్ను నమ్మకుండా పోతారేమోనన్నది ఇంకో పక్క. ఏది పెద్దదని అడగొద్దు, చెప్పలేను.

ఆపరేషన్‌కి ముందు రోజు పొద్దున మంచం మీద మనిషి లేరు. వార్డంతా గాలించాను. చివరికి ఎక్కడున్నారంటే, ఆవిరి గదిలో! రోగి బట్టల మీద ఏప్రన్ కట్టుకుని, పెద్ద సెట్టు ముందేసుకుని కూర్చున్నారు. పొట్ట కోసి చేసే ఈ ఆపరేషన్లు స్టెంట్లు వచ్చాక బాగా తగ్గిపోయాయి. ఆ సెట్టు ఎలా కట్టాలో కొత్తవాళ్ళకి సరిగా తెలియదు. తన మీద వాడబోయే సెట్టు తనే కట్టుకుంటున్నారు మహానుభావుడు.

"బరువులెత్తొద్దన్నారు కదండీ! పగిలితే ఎవరు పట్టుకుంటారు?" కిటికీలోంచే అరిచాను.

"నేనెత్తడం లేదు. వీళ్ళెత్తుతున్నారు, నేను చూస్తున్నా" అన్నారు, పక్కనున్న ఇద్దరు ఆడపిల్లల్ని చూపించి. తల మాత్రం ఎత్తలేదు. పొడుగాటి క్లాంపుని వెలుతురుకి పెట్టి, దవడలు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి చూశారు. తన రక్తనాళాన్ని పట్టుకునేది అదే. పళ్ళు సరిగా కలుస్తున్నాయో లేదో మూడుసార్లు చూశారు. ఆ తర్వాత ఇరవై మిల్లీలీటర్ల సిరంజీలు నాలుగు తీసుకుని, మూతి వైపు కోసి, అంచులు సన్నని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నారు. డాక్టరమ్మ అడిగిందట. ఆ కోసిన సిరంజీని పాత స్టెంటు కొసకి తొడిగి తోస్తే, కొక్కేలు లోపలికి ముడుచుకుని, గోడ చిరక్కుండా బయటికొస్తాయట.

"అంచు గరుకుగా ఉంటే కొక్కేల కంటే ఇదే ముందు చింపుతుంది" అన్నారు, నాతో కాదు, పక్క పిల్లతో. "ఆవిరిలో పెట్టకండి, ముడుచుకుపోతాయి. గ్యాసుతో శుద్ధి చేసే యంత్రంలో పెట్టండి." 

వేలితో అంచు చుట్టూ తడిమి చూశారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కిటికీ అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అన్నీ అయ్యాక లేచి వచ్చి, చిట్టా కాగితం కిటికీలో పెట్టి, "సిస్టరు గారూ, సెట్టు సాయంత్రానికి వస్తుంది, సరిచూసుకోండి" అన్నారు. 

పెళ్ళయ్యాక ఆయన నన్ను గారూ అనడం అదే మొదటిసారి. నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

మర్నాడు ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. సొంత మనిషికి ఆపరేషన్ అయితే మేము లోపల ఉండకూడదు, అదే పద్ధతి. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి నా థియేటర్ తలుపు బయట, బంధువుల కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలు అంత గట్టిగా ఉంటాయని నాకు తెలియదు. ఎంతమందిని "కూర్చోండి, కంగారుపడకండి" అని అందులోకి తోశానో! మా అమ్మాయి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. బడిలో లెక్కలు చెప్పే పిల్ల, దేనికైనా లెక్క అడుగుతుంది.

"నువ్వూ నాన్నా మాట్లాడుకోవడం లేదా?" అంది.

"మాట్లాడుకుంటున్నాం. సిస్టరు గారూ అంటున్నారు."

అది నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. జరిగిందంతా చెప్పాను. అది చెయ్యి వెనక్కి లాక్కుంది. లాక్కుని, కాసేపటికి మళ్ళీ తనే పట్టుకుంది. "నాకు కోపంగానే ఉందమ్మా" అంది. "ఉండనీ" అన్నాను. అలాగే కూర్చున్నాం.

నాకు గడియారమే శత్రువు. మామూలు బంధువులకి లోపల ఏం జరుగుతోందో తెలియదు, అదృష్టవంతులు. తొమ్మిదికి పొట్ట తెరిచుంటారు. పేగుల్ని తడిగుడ్డల్లో చుట్టి పక్కకి పెట్టుంటారు. పదింబావుకి క్లాంపు. ఇక కిడ్నీలకి రక్తం లేదు, చల్లటి సెలైన్ పోస్తుంటారు. ఇప్పుడు బుడగ తెరుస్తారు. ఇప్పుడు సిరంజీ. పది నిమిషాలు. ఇరవై. థియేటర్ తలుపు మీది ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇరవై ఐదు దాటాక నేను లేచి, కాలు గాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాను.

పదకొండుంబావుకి నా దగ్గర పని నేర్చుకున్న చిన్న సిస్టరు మాస్కు కిందికి లాగి బయటికొచ్చింది. తన మొహం చూడటానికి ధైర్యం చాలక బూట్లు చూశాను. బూట్ల మీద రక్తం మరీ ఎక్కువ లేదు.

"పాతది వచ్చేసింది సిస్టరమ్మా. ఆ సిరంజీ తొడగ్గానే కొక్కేలు ముడుచుకున్నాయి. ఒక్కటి మాత్రం ఊడలేదు, తీగలు కత్తిరించి అక్కడే వదిలేశారు. కిడ్నీల పైన క్లాంపు ముప్ఫై నాలుగు నిమిషాలుంది. ఇప్పుడు కింద కుడుతున్నారు."

ముప్ఫై నాలుగు. ఎక్కువే. "బాగుందా?" అని అడగబోయి, ఆ మాట నోట్లోనే ఆపేశాను. ఆ మాటంటేనే నాకు అసహ్యం పుట్టింది. 

రెండున్నరకి బయటికి తెచ్చారు. గొంతులో గొట్టం, చుట్టూ ఆరు సూదులు, మొహం సున్నం కొట్టినట్టు. బతికున్నారు. ఐసీయూ తలుపు మూసుకునే ముందు మంచం పక్కన వేలాడే యూరిన్ సంచీకేసి చూశాను. నర్సుని కదా, ముందు కళ్ళు అక్కడికే పోతాయి. అడుగున నాలుగు చుక్కలున్నాయి.

మర్నాటి పొద్దునకి గొంతులో గొట్టం తీశారు. బీపీ నిలబడింది, కాళ్ళల్లో నాడి బాగా కొట్టుకుంటోంది. మూత్రం మాత్రం గంటకి పది మిల్లీలీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఆయన ఒంటికి గంటకి కనీసం ముప్ఫై ఐదైనా రావాలి. సాయంత్రం దాకా చూసి, పెరక్కపోతే డయాలసిస్ మొదలుపెడతామంది డాక్టరమ్మ. ఆ తర్వాత కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయో లేదో తను చెప్పలేనంది. అంతమాత్రం నాకూ తెలుసు.

పదిన్నరప్పుడు ఐసీయూ నర్సు పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. "మేడం, త్వరగా రండి. సార్ మా మాట వినడం లేదు, సూదులు పీకేసుకునేలా ఉన్నారు."

మత్తు దిగేటప్పుడు కొంతమందికి అలా మనసు తికమకపడుతుంది. లోపలికి వెళ్ళేసరికి ఇద్దరు చేతులు పట్టుకుని ఉన్నారు. ఆయన గుడ్లప్పగించి పైకప్పుకేసి చూస్తున్నారు. కుర్ర డాక్టరు ఒంగి, "సార్, అంతా బాగుంది. మీరు బాగున్నారు" అంటున్నాడు. 

"బాగుందనొద్దు!" మా ఆయన గొంతు బొంగురుపోయి, లోపల్నుంచి గాలిలా వస్తోంది. "ఎవడు చెప్పాడు నీకు బాగుందని? స్కాన్ తీశారా? కోశారా అసలు నన్ను? అందరూ అబద్ధాలే."

"ఆపరేషన్ అయిపోయింది సార్, నిజంగా..."

"మా ఆవిణ్ణి పిలవండి."

నేను మంచం కాళ్ళ దగ్గరే ఉన్నాను, ఆయనకి కనబడలేదు. అడుగు ముందుకి పడలేదు. నన్నెందుకు పిలవమంటున్నారు, ఇంత మందిలో నన్ను కడగడానికా? కడిగినా పడాల్సిందే అనుకున్నాను.

"మా ఆవిణ్ణి పిలవండయ్యా" అన్నారు మళ్ళీ, ఏడుపు గొంతుతో. "తప్పు చేస్తే చేశానని చెప్పే మనిషి అదొక్కతే ఉంది."

ఎలా వెళ్ళానో తెలియదు, తల దగ్గరున్నాను. చేతులు పట్టుకున్నవాళ్ళని వదలమన్నాను. నా మొహం ఆయన మొహం మీదికి వంచాను. కుర్ర డాక్టరు నా వెనకనుంచి, "ధైర్యం చెప్పండి మేడం, బాగుందని చెప్పండి" అని గుసగుసలాడాడు. నాకు ఒళ్ళు మండింది గానీ వాణ్ణి తర్వాత చూసుకోవచ్చు.

"ఏవండీ, నేను."

"కోశారా?"

"కోశారు. నిన్న పొద్దున. పాత స్టెంటు తీసేశారు. ఒక కొక్కెం రాలేదు, లోపలే ఉంది. కొత్తది కుట్టారు. రక్తం కారడం లేదు. మీ సిరంజీలు పనికొచ్చాయి."

"క్లాంపు?"

"ముప్ఫై నాలుగు నిమిషాలు."

ఆవిరి మాస్టారికి అది ఎక్కువని చెప్పక్కర్లేదు. కళ్ళు నా మొహం మీద నిలిచాయి. "గంటకెంత వస్తోంది?"

నలభై అని చెబితే నిద్రపోతారు. పక్కన కుర్ర డాక్టరు అదే చెప్పమని తలూపుతున్నాడు. చెయ్యి సాచి దుప్పటి మీదున్న ఆయన చేతిని పట్టుకున్నాను. 

"పదకొండు" అన్నాను. "చాలదు. పెరక్కపోతే సాయంత్రం డయాలసిస్ పెడతారు. కిడ్నీలు కోలుకుంటాయో లేదో ఇంకా తెలియదు. నాకు భయంగా ఉంది."

ఆయన ఊపిరి గట్టిగా వదిలారు. భుజాలు దిండు మీదికి జారాయి. చుట్టూ ఉన్నవాళ్ళెవరినీ చూడలేదు, నిజమేనా అని అడగలేదు.

"అయితే బతికే ఉన్నానన్నమాట" అన్నారు.

"ఉన్నారు."

"ఇందాకట్నుంచి వీళ్ళు బాగుంది బాగుంది అంటుంటే పోయాననుకున్నా." 

నవ్వో ఏడుపో, నా గొంతులోంచి ఏదో వచ్చింది. ఆ చేతిని నా బుగ్గకి ఆనించుకుని, "తప్పయిపోయిందండీ" అన్నాను. వరండాలో అన్నీ చెప్పాను గానీ ఆ ఒక్క మాట అనలేదని అప్పుడు తెలిసింది.

"అయింది" అన్నారు ఆయన. కాదనలేదు, ఫరవాలేదనీ అనలేదు. బొటనవేలితో నా బుగ్గ మీద తడి మాత్రం తుడిచారు. "మళ్ళీ ఎప్పుడు చూస్తారు?"

"పదకొండున్నరకి."

"నువ్వే చూడు. చూసి నువ్వే చెప్పు." కళ్ళు మూసుకున్నారు.

ఐసీయూ వాళ్ళు నన్ను బయటికి పొమ్మనలేదు. పొమ్మంటే ఏమయ్యేదో వాళ్ళకీ తెలుసు. స్టూలు లాక్కుని సంచీ పక్కన కూర్చున్నాను. చుక్క పడటం, ఆగడం, ఇంకో చుక్క పడటం. ఇన్నేళ్ళ సర్వీసులో మూత్రం చుక్కల్ని అంత ప్రేమగా ఎన్నడూ చూడలేదు. పదకొండున్నరకి నర్సు కొలపాత్ర తెస్తే, నాకివ్వమన్నాను. కళ్ళజోడు పెట్టుకుని, గీత దగ్గరికి కళ్ళు దించి చూశాను. నమ్మకం చాలక ఇంకోసారి చూశాను.

"మేడం, నిద్రపోతున్నారు, లేపకండి" అంది నర్సు.

"చెబుతానన్నాను" అన్నాను.

చెవి దగ్గరికి వంగి, "ఏవండీ" అన్నాను. ఒక కన్ను తెరిచారు.

"పంతొమ్మిది."

ఆయన సంచీ వైపు తల తిప్పలేదు. నర్సు వైపు చూడలేదు. 

"ఇంకా చాలదుగా" అన్నారు.

"చాలదు. ఇందాకటి కంటే ఎనిమిది ఎక్కువ."

"సరే. పన్నెండున్నరకి లేపు" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.